పదకొండో కుక్క

ఏటిగడ్డపాలెం పశువుల ఆసుపత్రిలో ఖాజావలి చేరి పంతొమ్మిదేళ్లయింది. సర్కారు ఇచ్చిన హోదా పేరు ఇంకేదో ఉంది గానీ ఊళ్లో అందరికీ అతను కాంపౌండరే. డాక్టరుగారు పొదిలి నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో ఈనలేక అవస్థపడే గేదెలూ, గిట్టలు పుండ్లయిన ఎడ్లూ, కడుపుబ్బిన గొర్రెలూ అన్నీ అతని చేతుల్లోనే. డాక్టరుగారు ఖాళీ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి ఒక కట్ట అతని దగ్గర ఉంచి వెళ్లేవారు. అంత నమ్మకం.

1998 ఫిబ్రవరిలో, మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున్నే ఆసుపత్రి ముందు కేకలు వినిపించాయి. నలుగురు ఆడవాళ్లు వెంకటేశ్వరమ్మను రెక్కలు పట్టుకుని తీసుకొస్తున్నారు. ఆమె కోతలకు పోయే కూలిమనిషి. ముప్పై ఐదేళ్లుంటాయి. ఎడమ కాలి పిక్క చీరుకుపోయి ఉంది. కుడిచేతి అరచెయ్యి రెండు వేళ్ల దగ్గర్నుంచి మణికట్టు దాకా తెగి, చీరకుచ్చెళ్లన్నీ నెత్తురు.

"హెడ్మాస్టరుగారి కుక్కయ్యా," అంది వాళ్లలో ఒకామె. "గేటు తీసుంది. మేము రోడ్డున పోతన్నాం. మీదకొచ్చి పడింది."

మనుషుల గాయాలు చూడటం అతని పని కాదు. కానీ పొదిలి పెద్దాసుపత్రి పదిహేను కిలోమీటర్ల దూరం. ఖాజావలి ఆమెను బోరింగు పంపు దగ్గర కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో గాయాలు రెండూ పావుగంటసేపు కడిగించాడు. ఆమె పళ్లు బిగబట్టుకుని కూర్చుంది గానీ ఏడవలేదు. కట్టు వదులుగా కట్టి, ఆటో మాట్లాడి, ఆమె భర్త బుల్లయ్యను కూడా ఎక్కించి పంపుతూ గట్టిగా చెప్పాడు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేస్తారమ్మా. నొప్పిగా ఉంటది. అయినా ఒక్కటి మానినా ఒప్పుకోను. అర్థమైందా?"

అక్కడి నుంచి నేరుగా హెడ్మాస్టరు రాధాకృష్ణమూర్తిగారింటికి వెళ్లాడు. నల్లకుక్క వసారా స్తంభానికి గొలుసుతో కట్టి ఉంది. దాని పేరు టైగర్. మాస్టారి కొడుకు రామకాంత్ రెండేళ్ల కిందట ఒంగోలు నుంచి కూనగా తెచ్చుకున్నాడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఇంట్లోనే ఉంటున్న రామకాంత్‌కు ఆ కుక్కే కాలక్షేపం.

"దీన్ని పది రోజులు కట్టేసే ఉంచు బాబూ," అన్నాడు ఖాజావలి. "పది రోజులు మామూలుగా తిని తిరిగితే ఎవరికీ భయం లేదు. తేడా వస్తే నాకు చెప్పు. టీకాకు తీసుకురమ్మని నీకు రెండుసార్లు చెప్పా. డిసెంబర్లో వేసినప్పుడన్నా తీసుకురాలేదు."

రామకాంత్ తల వంచుకుని సరేనన్నాడు. కానీ ఆ సాయంత్రమే బుల్లయ్య బంధువులు కర్రలు పట్టుకుని ఆ కుక్కను చంపుతామని వీధిలో కేకలు వేశారు. అది విని రామకాంత్ దాని మూతికి తాడు బిగించి, గోతాంలో పెట్టి, మోటారు సైకిలు మీద దూరంగా మూసీ ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి, తాడు విప్పి వదిలేసి వచ్చాడు. మర్నాడు ఖాజావలి వెళ్లేసరికి స్తంభానికి గొలుసు మాత్రమే ఉంది.

అలా మొదటిరోజే ఒక సాక్ష్యం పోయింది.

బుల్లయ్య పొదిలిలో ఒక ప్లీడరును కలిశాడు. కేసు వేస్తే ఏళ్లు పడుతుంది, పెద్దమనుషుల్లో రాజీ చేసుకుంటేనే మేలు అన్నాడాయన. రాజీలో ఎంత వస్తుందనేది చేతిలో ఉన్న ఆధారాల మీద ఉంటుందని కూడా చెప్పాడు. ఆసుపత్రి చీటీలు దాచుకోవాలి. గాయం మానకముందే ఫొటో తీయించాలి. గేటు తీసి ఉందని చూసినవాళ్లు చెప్పాలి. ఆ కుక్క అంతకుముందు ఎవరినైనా కరిచిందేమో కనుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, దానికి టీకా వేయించారా లేదా. వేయించకపోతే యజమాని నిర్లక్ష్యం రుజువైనట్టే.

బుల్లయ్య ఫొటో తీయించాడు. చీటీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. గేటు తీసి ఉందని చెప్పడానికి నలుగురు ఆడవాళ్లున్నారు. ఆర్నెల్ల కిందట పాలవాడి పంచె పట్టుకుని లాగింది కూడా అదే కుక్క. పదిహేను వేలు అడగాలనుకున్నాడు. రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. కోతమనిషికి వేళ్లే కదా ఆధారం.

శుక్రవారం మధ్యాహ్నం, ఆసుపత్రిలో ఎవరూ లేని వేళ, రాధాకృష్ణమూర్తిగారు వచ్చారు. ఎండన పడి నడిచి వచ్చినందుకు చొక్కా తడిసిపోయింది. ఖాజావలి లేచి కుర్చీ వేశాడు. మాస్టారు కూర్చోలేదు.

"ఖాజా, నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు," అన్నారు.

అది నిజం. ఖాజావలి కూతురు నస్రత్ టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్షకు చదివిన ఎనిమిది నెలలూ మాస్టారు తన ఇంటి వసారాలో ఆ పిల్లకు లెక్కలు చెప్పారు. ఒక్క పైసా తీసుకోలేదు. సీటు వచ్చినప్పుడు ఆయన భార్య శ్యామలాంబ నస్రత్‌కు కొత్త బట్టలు పెట్టింది. ఇప్పుడు నస్రత్ ఒంగోలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"చెప్పండి మాస్టారూ."

"ఎల్లుండి పంచాయితీ. నాకు ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది. వాళ్లు స్టేషన్లో కాగితం పెడితే నా పెన్షన్ ఏమవుతుందో తెలియదు. ఆ మనిషికి ఇవ్వనని కాదు, ఇస్తాను. కానీ నిర్లక్ష్యం అనే మాట రాకూడదు." ఆయన గొంతు తగ్గింది. "డిసెంబర్లో టీకా వేసినట్టు ఒక కాగితం ఉంటే చాలు."

"కుక్క లేదు కదండీ ఇప్పుడు."

"అందుకే అడుగుతున్నాను. కుక్క లేదు. దాన్ని ఎవరు చూస్తారు? అది పిచ్చికుక్క కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. గొలుసు వేసినప్పుడు కూడా తోక ఊపింది."

ఖాజావలి వెంటనే ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. అతను అబద్ధం రాయని మనిషేమీ కాదు. నట్టల మందు నాలుగొందల గొర్రెలకు పోసినప్పుడు ఆరొందలని రాసిన రోజులున్నాయి. పైనుంచి లెక్క పూర్తి చేయమని ఒత్తిడి వచ్చినప్పుడు అందరూ రాసేదే. దానివల్ల ఏ గొర్రెకూ ఏమీ కాలేదు. ఇది కూడా అలాంటిదే అనుకున్నాడు. ఎంతైనా మాస్టారు ఆమెకు డబ్బు ఇస్తానంటున్నారు కదా.

టీకాల రిజిస్టరులో డిసెంబరు పేజీ అడుగున ఒక గీత ఖాళీగా ఉంది. పైగీతలో ఉన్న టీకా నంబరునే దించి, నల్లకుక్క, మగది, రెండేళ్లు, యజమాని ఫలానా అని రాశాడు. సంతకం చేసి ఉన్న సర్టిఫికెట్ ఒకటి తీసి పూర్తిచేసి, సీలు వేసి ఇచ్చాడు. ఐదు నిమిషాలు పట్టింది. మాస్టారు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు.

ఆదివారం పంచాయతీ ఆఫీసు అరుగు మీద సర్పంచి, మరో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఖాజావలిని కూడా పిలిచారు. బుల్లయ్య కవర్లోంచి చీటీలూ ఫొటోలూ తీసి చూపించాడు. ఆడవాళ్లు గేటు సంగతి చెప్పారు. పాలవాడు కూడా వచ్చి చెప్పాడు. పెద్దల ముఖాలు మాస్టారి వైపు కాస్త కోపంగానే తిరిగాయి. అప్పుడు ఆయన సర్టిఫికెట్ తీసి ఇచ్చారు.

సర్పంచి దాన్ని పైకి చదివి, ఖాజావలి వైపు చూశాడు. "నువ్వే వేశావా?"

"ఆఁ," అన్నాడు ఖాజావలి.

దాంతో మాట మొత్తం మారిపోయింది. టీకా వేయించిన పెంపుడు కుక్క, మాస్టారు చేయగలిగిన జాగ్రత్త చేశారు, గేటు తీసి ఉండటం ఒక పొరపాటు, అంతే అన్నారు. పదిహేను వేలు నాలుగు వేలయింది. బుల్లయ్య మొత్తుకున్నాడు. వెంకటేశ్వరమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు చూస్తూ కూర్చుంది. చివర్లో ఎవరో పెద్దాయన ఓదార్పుగా అన్నాడు.

"నీకు కూడా మంచిదేనమ్మా. పిచ్చి ఎక్కుద్దన్న భయం లేదుగా ఇంక. టీకా వేసిన కుక్కాయె."

ఖాజావలికి ఆ మాట అప్పుడు చెవిలో పడింది గానీ తలకెక్కలేదు.

మంగళవారం పొద్దున అతను సైకిలు మీద పక్క ఊరు పోతుంటే మిరపచేలో కోతకూలీల మధ్య వెంకటేశ్వరమ్మ కనిపించింది. ఎడమచేత్తో కాయలు కోస్తోంది. కుడిచేతికి పాతగుడ్డ చుట్టుకుంది. ఆ వేళకు ఆమె పొదిలి ఆసుపత్రి వరండాలో ఉండాలి. ఖాజావలి సైకిలు దిగి గట్టు మీదకు వెళ్లాడు.

"ఇంజెక్షనుకు పోలేదామ్మా ఇవాళ?"

"మానేశా కాంపౌండరుగారా."

"మానేశావా? ఎన్ని అయినయ్యి?"

"ఐదు. ఇంకెందుకయ్యా? టీకా ఏసిన కుక్కేనంటగా. ఏ రోజుకారోజు బస్సు చార్జీ, కూలి పోతంది. కోతలు ఇంకో ఇరవై రోజులే గదా ఉండేది."

ఎండ నెత్తిన పొడుస్తోంది. ఖాజావలి గట్టు మీద ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"ఎందుకైనా మంచిది, పూర్తిచేసుకో అమ్మా. మొదట్లోనే చెప్పా గదా ఒక్కటి కూడా మానొద్దని."

"అప్పుడు కాయితం దొరకలేదు గదా. నువ్వే గదయ్యా ఏసింది టీకా?" ఆమె నవ్వింది కూడా. "ఎందుకైనా మంచిదని ముప్పై రూపాయల కూలి రోజూ వదులుకోమంటావా? పొట్టంతా గడ్డలు కట్టింది. బోర్లా పడుకోలేకపోతన్నా."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. తర్వాత అతను ఎన్నిసార్లు ఆ గట్టును గుర్తు చేసుకున్నా, ఎందుకు చెప్పలేకపోయానన్నదానికి జవాబు దొరకలేదు. చుట్టూ పదిమంది ఆడవాళ్లు కాయలు కోస్తూనే వింటున్నారు. ఉద్యోగం కళ్లముందు కనిపించింది, నస్రత్ హాస్టలు ఫీజు కనిపించింది, మాస్టారి ముఖం కనిపించింది. "నీ ఇష్టం అమ్మా, నేను చెప్పాల్సింది చెప్పా," అని సైకిలెక్కాడు. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక అతనికి మిగిలిన దారి ఒక్కటే. కుక్క కరిచి అప్పటికి ఏడు రోజులు. ఇంకో మూడు రోజుల తర్వాత ఆ కుక్క ఎక్కడైనా ప్రాణంతో కనిపిస్తే చాలు. వెంకటేశ్వరమ్మకు ఏమీ కాదు. అతను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

రామకాంత్‌ను అడిగి ఎక్కడ వదిలాడో కనుక్కున్నాడు. ఆసుపత్రి పని మధ్యాహ్నానికి ముగించి మూసీ వైపు సైకిలు తొక్కాడు. మూసీ అంటే వానాకాలంలో తప్ప ఇసుకే. తుమ్మచెట్ల మధ్య, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల చుట్టూ, మిరపకల్లాల దగ్గర, కనిపించిన ప్రతి మనిషినీ అడిగాడు. "నల్లకుక్క, మెడకు తోలుపట్టీ, చెవులు నిలబడి ఉంటయ్యి." కొందరు లేదన్నారు. కొందరు నవ్వారు. ఒక కుక్క కోసం కాంపౌండరు ఊళ్లు తిరగడమేమిటని. మొదటిరోజు కనపడలేదు. రెండోరోజూ లేదు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. భార్య జాన్‌బీ గిన్నె పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది.

"ఏందయ్యా? రెండు రోజుల్నించి చూస్తన్నా. ఏం జరిగింది?"

చెప్పాడు. మొత్తం చెప్పాడు. జాన్‌బీ గిన్నె మీద మూత పెట్టింది.

"మాస్టారు మన పిల్లకు చదువు చెప్పారు. నిజమే," అంది. "దానికి బదులివ్వాలంటే మనది ఏదన్నా ఇవ్వాల. ఆమె ప్రాణం మనదా ఇవ్వడానికి?"

"కుక్క కనపడితే..."

"కనపడకపోతే?"

గురువారం కనపడింది. కనపడిందంటే, దాని సంగతి తెలిసింది. మూసీ అవతల బుడాన్ అనే గొర్రెలకాపరి మంద తోలుకుపోతున్నాడు. తోలుపట్టీ అనగానే ఆగిపోయాడు.

"నువ్వు చెప్పేది అదే అయ్యుంటది. ఆదివారం పొద్దున మంద మీద పడింది. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ. అరుస్తంటే అరుపు అరుపులాగ లేదు, గొంతు పట్టేసినట్టు. వెనక కాళ్లు తడబడతన్నయ్యి. రాయి ఏస్తే ఆ రాయినే కొరికింది. కర్రతో కొట్టి చంపి ఇసుకలో పూడ్చాం. ఏం? మీ ఊరిదా?"

ఆదివారం. అరుగు మీద కూర్చుని ఆఁ అన్న రోజు.

"నిన్ను గానీ గొర్రెల్ని గానీ కరిచిందా?"

"రెండిటిని. వాటిని విడిగా కట్టేశా."

ఖాజావలి ఆ గొర్రెల సంగతి ఏం చేయాలో నాలుగు ముక్కల్లో చెప్పి సైకిలు వెనక్కి తిప్పాడు. ఇసుకలో సైకిలు నడవలేదు. కొంతదూరం మోశాడు. తిరిగొచ్చే పదహారు కిలోమీటర్లూ అతను మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు, ఏ మాటా నిలబడలేదు.

వెంకటేశ్వరమ్మ కోత ముగించుకుని చేను గట్టు మీద కూర్చుని కాలి కట్టు సర్దుకుంటోంది. తోటి ఆడవాళ్లు ముందుకు సాగారు. ఖాజావలి ఆమె ముందు నిలబడ్డాడు. కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. చివరికి కింద మట్టిలోనే కూలబడ్డాడు.

"అమ్మా, ఆ కుక్కకు నేను టీకా వెయ్యలేదు. ఎవరూ వెయ్యలేదు. ఆ కాయితం అబద్ధం. నేనే రాశా. కుక్క చచ్చిపోయింది. అది పిచ్చిదే. లక్షణాలన్నీ విన్నా. నువ్వు ఇప్పుడే పొదిలి రావాల."

ఆమె కుడిచేతి వైపు చూసుకుంది. తర్వాత ఆ చేతిని ఒంటికి దూరంగా పెట్టుకుంది, అది తనది కానట్టు.

"ఈ చేత్తోనే పిల్లలకు అన్నం కలిపి పెడతన్నా," అంది మెల్లగా.

"వాళ్లకేం కాదమ్మా. అట్టా రాదు."

"నువ్వు చెప్తే నమ్మాలా ఇప్పుడు?"

ఖాజావలి తల దించుకున్నాడు.

"ఆ కాయితంలో నా పేరుందా?" అని అడిగింది.

"లేదమ్మా. కుక్క వయసు, రంగు, యజమాని పేరు. అంతే."

"అవునులే. నా పేరెందుకుంటది."

ఆమె లేచి నిలబడింది. బుల్లయ్యకు కబురు పెట్టి, ఆటోలో పొదిలి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆసుపత్రి డాక్టరు చీటీ చూసి మండిపడ్డాడు. "ఐదు వేయించుకుని ఎవరు ఆపమన్నారు?" బుల్లయ్య ఖాజావలి వైపు చూపించాడు. అంతవరకూ అతని మీద చెయ్యి చేసుకోకుండా బుల్లయ్య ఎలా ఉండగలిగాడో ఖాజావలికి తెలియదు. కొట్టి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

చేతి గాయం లోతుగా ఉంది, మధ్యలో రోజులు పోయాయి కాబట్టి పాతవాటిని లెక్కలోకి తీసుకోకుండా కొత్తరకం టీకా మొదటినుంచి వేయాలన్నాడు డాక్టరు. చేతికి వేసేది. ఐదు. పొదిలిలో దొరకదు, ఒంగోలు నుంచి మంచులో పెట్టి తేవాలి. ఖరీదు ఎక్కువ. గాయం చుట్టూ వేసే మందు కూడా తెప్పించాలన్నాడు. ఆమెకు నయమవుతుందా అని బుల్లయ్య అడిగాడు. "వేళకు వేసుకుంటే అవుతుంది. ఇంత ఆలస్యమయ్యాక ఖాయంగా చెప్పలేను. కొన్ని నెలలు కనిపెట్టుకుని ఉండాలి," అన్నాడాయన.

మర్నాడు పొద్దునే మళ్లీ అరుగు. ఈసారి పిలవమన్నది ఖాజావలే. పెద్దల ముందు నిలబడి సర్టిఫికెట్ అబద్ధమని చెప్పాడు. అతని మాట ఎవరూ నమ్మలేదు.

"బుల్లయ్య వాళ్ల దగ్గర ఏమన్నా తీసుకున్నావా?" అన్నాడు ఒక పెద్దాయన. "ఆదివారం ఆఁ అన్నావు, ఇవాళ కాదంటన్నావు. ఏ మాట నిజమనుకోవాల?"

ఖాజావలి సంచిలోంచి రెండు రిజిస్టర్లు తీశాడు. ఒకటి టీకాలది, ఒకటి మందుల నిల్వది. రెండూ సర్పంచి ముందు తెరిచి పెట్టాడు.

"డిసెంబర్లో మన ఆసుపత్రికి వచ్చినయ్యి పది డోసులు. ఇదుగో, డాక్టరుగారు స్వయంగా రాసి సంతకం పెట్టింది. పది వచ్చినయ్యి, పది అయిపోయినయ్యి. ఇప్పుడు టీకాల పుస్తకం చూడండి. ఎన్ని కుక్కలున్నయ్యి?"

సర్పంచి వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు.

"ఆ పదకొండోది నేను పోయిన శుక్రవారం రాసింది. సిరా రంగు కూడా వేరే."

పుస్తకం చేతులు మారింది. ఒక్కొక్కరూ ఆ చివరి గీతను చూశారు. వెంకటేశ్వరమ్మ కూడా అడిగి తీసుకుని చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ గీత మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ఎవరు రాయమన్నారు?" అన్నాడు సర్పంచి.

రాధాకృష్ణమూర్తిగారు ఎదురుగా కుర్చీలో ఉన్నారు. "ఖాజావలి ఏదో పొరబడుతున్నాడు," అని మొదట్లో ఒక మాట అన్నారాయన. ఇప్పుడు అది కూడా లేదు.

"రాయమన్నది ఎవరో తర్వాత చూసుకుందాం," అన్నాడు ఖాజావలి. "ముందు నేను ఒకటి అడగాల. రామకాంత్ బాబూ, గోతాంలో పెట్టేటప్పుడు అది నిన్నేమన్నా గీరిందా? పన్ను తగిలిందా?"

గోడ వారగా నిలబడ్డ రామకాంత్ ముఖం తెల్లబోయింది. పొడుగుచేతుల చొక్కా బొత్తం తీసి పైకి మడిచాడు. మోచేతి కింద ఎండిన గీతలు మూడు.

మాస్టారు లేచి కొడుకు దగ్గరకు వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత అందరి వైపు తిరిగారు.

"అడిగింది నేనే. అతను వద్దనలేని చోట అడిగాను."

ఆ రోజే రామకాంత్ మంచు నింపిన ఫ్లాస్కు పట్టుకుని ఒంగోలు బస్సెక్కాడు. అతను తెచ్చిన మందు మొదట వెంకటేశ్వరమ్మకు, తర్వాత అతనికి, ఒకే బల్ల మీద వేశారు. రాజీ కాగితం చించి కొత్తది రాశారు. ఆసుపత్రి ఖర్చులు మొత్తం, పోయిన కూలి, పదిహేను వేలు. మాస్టారు బేరం ఆడలేదు. మాస్టారి మీద స్టేషనుకు పోవాలని బుల్లయ్యకు ఉంది గానీ వెంకటేశ్వరమ్మ వద్దంది. ఎందుకు వద్దందో ఎవరికీ చెప్పలేదు.

ఖాజావలి జరిగింది రాసి డాక్టరుగారికి తానే ఇచ్చాడు. ఆయన సంతకాల కట్ట వెనక్కి తీసుకున్నారు. తిట్టలేదు. ఆయనకూ మెమో వచ్చింది, ఖాజావలి మూలంగానే. ఖాజావలిని ఎనిమిది నెలలు సస్పెండు చేశారు. సగం జీతంతో ఇల్లు నడపడానికి జాన్‌బీ మిరపతొడిమలు తీసే పనికి పోయింది. నస్రత్ సెలవులకు వచ్చినప్పుడు మాస్టారింటికి వెళ్లి పలకరించి వచ్చింది. ఖాజావలి మాత్రం ఆ వీధికి వెళ్లలేకపోయాడు. మాస్టారు కూడా ఎదురైతే తల వంచుకునే పోయేవారు. ఒకరినొకరు చూసుకోవడం ఇద్దరికీ కష్టంగానే ఉండేది.

వెంకటేశ్వరమ్మ ఇంటికి మాత్రం అతను వారానికి రెండుసార్లు వెళ్లేవాడు. వాళ్ల గేదె చూలుతో ఉంది, దాన్ని చూడటానికి వచ్చానని చెప్పేవాడు. గేదెను చూసేవాడు. అక్కడే అరుగు మీద కాసేపు కూర్చుని, కాస్త మంచినీళ్లు ఇవ్వమనేవాడు. ఆమె చెంబుతో తెచ్చి ఇచ్చి, తనూ తాగేది. ఆ తాగడం అతను కళ్లార్పకుండా చూసేవాడు. నీళ్లు గొంతు దిగే దాకా ఊపిరి బిగపట్టి, దిగాక వదిలేవాడు. పిచ్చికుక్క కాటు వికటించినవాళ్లు నీళ్లు చూసి ఎలా వణికిపోతారో అతను ఒకసారి చూశాడు. వయసులో ఉన్నప్పుడు, పొదిలిలో.

వేసవి పోయింది. వానలు పడ్డాయి. గేదె ఈనింది. రామకాంత్ గుంటూరులో ఏదో మందుల దుకాణంలో పనికి కుదిరాడని తెలిసింది. మళ్లీ మిరప నారు పోశారు. వెంకటేశ్వరమ్మ చేతి గాయం మానింది గానీ ఆ రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. మునుపటిలో ముప్పాతిక వంతే కోయగలిగేది. భయపడ్డ జబ్బు మాత్రం ఆమెకు రాలేదు.

సస్పెన్షను తీసేసి అద్దంకి దగ్గర ఒక ఊరికి బదిలీ చేస్తూ కాగితం వచ్చింది. వెళ్లేముందు ఖాజావలి ఆమె ఇంటికి వెళ్లాడు. అప్పటికి తొమ్మిది నెలలు. దూడను చూసి, అరుగు మీద కూర్చుని, అలవాటుగా మంచినీళ్లు అడిగాడు. ఆమె లోపలికి పోలేదు.

"నేను నీళ్లు తాగుతన్నానో లేదో చూడ్డానికి వస్తన్నావని నాకు మొదట్నుంచీ తెలుసయ్యా," అంది.

ఖాజావలి అరుగు దిగి నిలబడ్డాడు.

"నువ్వొచ్చినప్పుడల్లా నాకు భయమేస్తది. మామూలుగా మర్చిపోయే ఉంటా. పనిలో పడి పోతా. నువ్వు వచ్చి అట్టా నా గొంతు వంక చూస్తే, అయితే ఇంకా ఉందేమో అనుకుంటా. రెండు రోజులు నిద్ర పట్టదు. నీ మనసు కుదుటపడటానికి నేను భయపడాలా?"

"తప్పేనమ్మా."

"బదిలీ అయిందంటగా. పో. నాకేమన్నా అయితే నీకు తెలవకపోదు. అవకపోతే ఇంక రాబాకు."

తనను క్షమించమని అడగాలని అతను తొమ్మిది నెలలుగా అనుకుంటున్నాడు. మాటలు కూడా కుదుర్చుకుని వచ్చాడు. ఇప్పుడు అడిగితే ఆమె ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది. అది కూడా ఆమె మీద పెట్టే బరువే. అడగలేదు.

"దూడకు నట్టల మందు నెలాఖరులో పోయించమ్మా. కొత్తాయన వస్తాడు. ఆయన్ని పిలువు," అన్నాడు.

"సరే," అంది ఆమె. చాట తీసుకుని, ఎడమచేత్తో ఎండుమిరపకాయలు ఏరడంలో పడింది. ఖాజావలి చెప్పులు తొడుక్కుని, సైకిలు స్టాండు తీసి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు.